నాలుగు వందల ఎనభై ఎడమచేతులు

మా వదిన ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. నేను ఆవలించకుండానే కడుపులో ఉన్నదంతా బయటపెట్టే రకం. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, పొద్దున ఒకే బస్సెక్కుతాం, ఒకే షెడ్డులో పని చేస్తాం. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. ఆ లెక్కన మా అన్నయ్యతో కలిపి వదినకి ఒకటిన్నర మొగుళ్ళు. ఆ అర మొగుడే ఎక్కువ సతాయిస్తుందని అన్నయ్య అంటాడు. వదిన ఏమీ అనదు. ఏమీ అనకపోవడమే ఆవిడతో వచ్చిన చిక్కు.

మా షెడ్డులో యూనిఫారాలు కుడతారు. బస్సు డ్రైవర్లకి, ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళకి, కాపలావాళ్ళకి. ఇరవై రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడ పొడవునా ముప్పై అడుగుల కటింగ్ బల్ల. నాది కాజాల మిషను. చొక్కా ఎంత అందంగా కుట్టినా నేను బొత్తానికి కన్నం పెట్టకపోతే అది ఎవరి ఒంటి మీదా నిలవదు. ఆ సంగతి అక్కడ నాకు తప్ప ఎవరికీ పట్టదు.

ఆర్నెల్ల కిందటిదాకా మాకు సూపర్‌వైజరుగా ఒకాయన ఉండేవాడు. మెడలో ఈల వేసుకుని తిరిగేవాడు. ఎవరైనా తల ఎత్తితే ఈల, మంచినీళ్ళకి లేస్తే ఈల. ఒకరోజు ఆ ఈల మాయమైంది. ఎవరు దాచారో నాకు తెలుసు గానీ చెప్పను, ఎందుకంటే అది ఇంకా నా మిషను సొరుగులోనే ఉంది. ఈల లేకపోయేసరికి ఆయనకి ఏం చెయ్యాలో తోచక నెల తిరక్కుండా వెళ్ళిపోయాడు. ఆ కుర్చీలో కూచోమని ఓనరు ముగ్గుర్ని అడిగితే ముగ్గురూ దండం పెట్టారు. నన్ను కూడా అడుగుతాడేమోనని రెండు రోజులు జుట్టు శుభ్రంగా దువ్వుకుని వెళ్ళాను. అడగలేదు. వదినని అడిగాడు.

“సరేనండీ, ఈల మాత్రం వద్దు,” అంది వదిన.

అప్పటిదాకా పద్దెనిమిదేళ్ళు కాలర్లు కుట్టిన మనిషి. పెళ్ళయి మా ఇంటికి వచ్చినప్పుడు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. మా అమ్మ పాత మిషను మీద గలీబులు కుట్టి కుట్టి నేర్చుకుంది. నేర్పింది నేనే. ఈ మాట చరిత్రలో ఎక్కడా రాయరు కనుక ఇక్కడ రాసుకుంటున్నాను.

సూపర్‌వైజరు బతుకు, కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. పైగా మా షెడ్డులో కప్పలూ పాములూ ఒకటీ రెండూ కాదు. ఇస్త్రీ బల్ల దగ్గర గొప్పలాయన ఉంటాడు. తను లేకపోతే ఆ షెడ్డే ముడతలు పడిపోతుందని ఆయన నమ్మకం. రోజూ తొమ్మిదిన్నరకి వచ్చేవాడు. వదిన ఆయన్ని ఒక్క మాట అనలేదు. “అందరూ తొమ్మిదికల్లా రావాలండీ, నా మాట ఎవరు వింటారు, మీరైతే గట్టిగా చెప్తారు,” అంది అంతే. గొప్పలాయన బల్లెక్కి మరీ చెప్పాడు. అంత గట్టిగా చెప్పాక మర్నాటి నుంచి ఎనిమిదీ యాభైకే వచ్చి గుమ్మంలో నిలబడక ఆయనకి తప్పలేదు.

మూడో మిషను మీద నిట్టూర్పులక్క. చొక్కాకి చేతులు అతికించే పని ఆవిడది. దారం తెగితే నిట్టూర్పు, తెగకపోతే ఎప్పుడు తెగుతుందోనని నిట్టూర్పు. ఆవిడ మాట్లాడుతుంటే మేమంతా మిషన్లు ఇంకా గట్టిగా తొక్కేవాళ్ళం. వదిన మాత్రం రోజూ పదకొండింటికి వెళ్ళి ఆవిడ పక్కన స్టూలు వేసుకుని ఐదు నిమిషాలు కూచునేది. “ఎందుకొదినా ఆ తలనొప్పి?” అంటే, “వంద చెప్తుంది, అందులో ఒకటి నిజం ఉంటుంది. అది ఏదో తెలియాలంటే తొంభై తొమ్మిదీ వినాలిగా,” అనేది.

ఇక కటింగ్ మాస్టారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని ఆయన్ని చూసే అన్నారేమో. ఇరవై ఆరేళ్ళుగా ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. కాలర్లు కుట్టే రోజుల్లో తను తిట్టిన మనిషి ఇప్పుడు తనకి పై అధికారి అయి కూచుంటే ఆయనకి మింగుడుపడలేదు. వదినతో మాట్లాడటం మానేశాడు. మాట్లాడక తప్పనప్పుడు చేతిలోని కత్తెరతో మాట్లాడేవాడు.

“చూశావటే కత్తెరా, మంగళవారానికల్లా కావాలట. చాక్‌పీసు ఎటు పట్టుకోవాలో తెలీనివాళ్ళు మనకి వారాలు నేర్పుతున్నారు.”

వదిన నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి వినేది. నేనైతే ఆ కత్తెర లాక్కుని ఆయన మీసం కత్తిరించేదాన్ని. ఎందుకంటే ఆయన నాతో మాత్రం నేరుగానే మాట్లాడేవాడు, అదీ ‘వాగుడుకాయ్’ అని పిలిచి.

ఆయనకి అసలు ముప్పు వదిన వల్ల కాదు. పోయిన నెల ఓనరు కరెంటుతో కత్తిరించే మిషను ఒకటి కొన్నాడు. దాన్ని నడిపే మనిషిని కూడా మాట్లాడి పెట్టాడు. ఆ నెలలోనే మాస్టారు ఒక కట్ట కాలర్లు సైజు తప్పించాడు. వదిన చెప్పిన సైజు వినీ వినక, మళ్ళీ అడగడం నామోషీ అయి, తోచింది వేసేశాడు. ఓనరు అందరి ముందూ అన్నాడు: “ఇంకొక్క కట్ట పాడైతే మాస్టారూ, మీరు ఇంటి దగ్గర కూచోండి. మిషను విప్పుతాను.” ఆ మిషను అట్టపెట్టెలో, కటింగ్ బల్లకి ఎదురుగా, మాస్టారి కంటికి ఎప్పుడూ కనబడేలా ఉంది. ఆయన దాని మీద తన టీ గ్లాసు పెట్టేవాడు. అంతకు మించి దాన్ని అవమానించే దారి ఆయనకి దొరకలేదు.

సరే, గురువారం సంగతి. డ్రైవర్ల చొక్కాలు రెండు వందల నలభై, శనివారం నాలుగింటికి బండి వస్తుంది. చొక్కాల ఒళ్ళు బుధవారమే కత్తిరించేశారు. ఇంక చేతులు కత్తిరించాలి. ఇస్త్రీ బల్ల దగ్గర గుట్టలు పేరుకుపోయాయని వదిన ఆ రోజు అవతలాయన్ని గొప్పలాయనకి సాయం పంపింది. అవతలాయన అంటే, మాస్టారు ఒక కొస పట్టుకుంటే బల్లకి అవతలి కొస పట్టుకునే మనిషి. పదిహేనేళ్ళుగా ఆయన పని అదే. వదిన ఈ సంగతి మాస్టారిని అడగలేదు. అడిగినా జవాబు కత్తెరకే కదా చెప్తాడు అనుకుంది.

ఇక్కడ మా పని కొంచెం చెప్పాలి. తానులోని బట్టని బల్ల మీద ఒకదాని మీద ఒకటిగా నలభై వరసలు పరుస్తారు. ఇద్దరుంటే ఇటునుంచి అటు, అటునుంచి ఇటు మడత తిప్పుతూ పరుస్తారు. అప్పుడు ఒక వరస ముఖం, అంటే బట్ట మెరిసే వైపు, పైకి ఉంటే రెండోది కిందకి ఉంటుంది. పైన బల్ల పొడవునా ఒకవైపు చెయ్యే గీసి కత్తిరిస్తే సగం కుడిచేతులు, సగం ఎడమచేతులు వస్తాయి. ఒక్కడే అయితే అవతలి కొసన తిప్పేవాడు ఉండడు. ప్రతి వరసా కత్తిరించి మళ్ళీ మొదటినుంచి పరచాలి. అన్ని ముఖాలూ పైకే ఉంటాయి కనుక కుడీ ఎడమా విడివిడిగా గీయాలి.

మాస్టారు ‘నా మనిషి నాకు కావాలి’ అని అడగలేదు. అడిగితే వదినతో మాట్లాడినట్టవుతుంది. రోజంతా ఒక్కడే ఆ ముప్పై అడుగులూ తిరిగి పరిచాడు. పరిచి, ఇరవై ఆరేళ్ళ అలవాటు కొద్దీ, పైన అంతటా ఒకవైపు చెయ్యే గీశాడు.

శుక్రవారం పొద్దున నిట్టూర్పులక్క, “నా బతుక్కి అన్నీ ఎడమచేతులే వస్తున్నాయమ్మా,” అంది. మేం నవ్వాం. గొప్పలాయన, “కుడిచెయ్యి బాగుంటే ఈ షెడ్డులో ఎందుకుంటావు తల్లీ,” అన్నాడు. మళ్ళీ నవ్వాం. ఆవిడ నిట్టూర్చి పని ఆపేసి కూచుంది. పదకొండింటికి వదిన వచ్చి స్టూలు వేసుకుంది. మోకాళ్ళ నొప్పి, అల్లుడి పొగరు, ఇంటి పక్కవాళ్ళ కుక్క అన్నీ అయ్యాక ఎడమచేతుల సంగతి వచ్చింది. వదిన లేచి ఒక కట్ట విప్పింది. ఇంకో కట్ట విప్పింది. మొత్తం పన్నెండు కట్టలూ విప్పింది.

నాలుగు వందల ఎనభై. అన్నీ ఎడమవే. తిరగేసి కుడివైపు కుడదామంటే బట్టకి ముఖంవైపు నిగనిగ, వెనకవైపు వెలవెల. తానులో మిగిలింది రుమాలుకి కూడా రాదు.

నేను కాజాల మిషను ఆపి పరిగెత్తాను. “దొరికాడు వదినా! ఆర్నెల్లుగా నీ ఉసురు పోసుకున్నాడు. ఓనరుకి ఫోను చెయ్యి. మిషను విప్పించు.”

“అవతలాయన్ని తీసుకెళ్ళింది ఎవరు?” అంది వదిన.

“నువ్వే. అయితే?”

“అయితే ఏం లేదు. నువ్వెళ్ళి కాజాలు చూసుకో.”

నేను వెళ్ళలేదనుకోండి. వదిన కట్టలోంచి రెండు చొక్కా చేతులు పట్టుకెళ్ళి కటింగ్ బల్ల మీద ఒకదాని మీద ఒకటి పెట్టింది. మాస్టారు చూశాడు. రెంటినీ సరిపెట్టి చూశాడు, తిప్పి చూశాడు. తర్వాత స్టూలు మీద కూచున్నాడు. ఆయన పనివేళలో కూచోగా నేను ఎప్పుడూ చూడలేదు. అట్టపెట్టె వైపు చూసి, దాని మీదున్న టీ గ్లాసు తీసి కింద పెట్టాడు. నాకు చాలా సంతోషం కలగాలి. ఎందుకో కలగలేదు.

అప్పుడు వదిన చేసిన పని చూసి మిషన్లన్నీ ఆగిపోయాయి. ఎవరూ ముట్టుకోకూడని ఆ కత్తెరని తీసి, తన ముందు పెట్టుకుని, దానితో మాట్లాడటం మొదలుపెట్టింది.

“కత్తెరా, మీ మాస్టారికి ఒక మాట చెప్పు. ఆయన్ని అడక్కుండా అవతలాయన్ని తీసుకెళ్ళింది నేను. అడిగుంటే ఆయన పంపేవాడు కాదు, చేతులు సరిగ్గానే వచ్చేవి. తప్పు నాదని చెప్పు.”

నాకు ఒళ్ళు మండింది. అందరి ముందూ పై అధికారి అనే మాటేనా అది! మాస్టారు కత్తెరని తన వైపు లాక్కున్నాడు.

“ఏమే కత్తెరా, ఆవిడకి చెప్పు. ఒక్కడినే పరవలేనని అడగటానికి నా నోరేం పడిపోలేదు. కళ్ళు ఉండి కూడా ముఖం చూడకుండా గీసింది నేను. తప్పు నాది.”

“సగం సగం అని చెప్పు కత్తెరా.”

“సగమేంటే? ముప్పావు నాదే. ఇరవై ఆరేళ్ళవాణ్ణి, ఆరు నెలల దానితో సమానంగా పంచుకుంటానా?”

తప్పు పంచుకునే దగ్గర కూడా ఆయన తగ్గలేదు. మిషన్ల వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారికే నవ్వొచ్చిందేమో, మీసం కదిలింది. వదిన కత్తెర వైపు చూస్తూనే, “మరి ఇప్పుడేం చెయ్యాలో అడుగు,” అంది.

ఆయన ఒక చెయ్యి తీసి నిలువునా మడిచాడు. చొక్కా చేతికి భుజం దగ్గర రెండు వంపులుంటాయి. ముందు వంపు లోతుగా, వెనక వంపు తక్కువగా ఉంటుంది. కుడి ఎడమ తేడా అంతా అందులోనే ఉంది. వేలితో రెండు వంపులూ కొలిచాడు. వెనక వంపుని కూడా ముందు దానంత లోతుగా తీసేస్తే ఆ చెయ్యి ఏ భుజానికైనా పడుతుంది. అర అంగుళం బట్ట పోతుంది, కొంచెం బిగుతవుతుంది. ఒకటి అలా కత్తిరించి నిట్టూర్పులక్క చేత కుట్టించి, గొప్పలాయనకి తొడిగి చేతులు పైకెత్తమన్నారు. గొప్పలాయన ఎత్తాడు, దించాడు, స్టీరింగ్ తిప్పాడు, గేరు మార్చాడు, హారను కూడా కొట్టాడు. “నేను తొడిగాను కాబట్టి ఇలా కూచుంది,” అన్నాడు.

మాస్టారు చేతుల్ని దొంతర పేర్చి, చాక్‌పీసుతో గీత గీసి, తలెత్తకుండా, “ఆ కొస గట్టిగా పట్టుకో అమ్మాయ్, జరక్కూడదు,” అన్నాడు. కత్తెరతో కాదు, వదినతో. వదిన పట్టుకుంది. అవతలాయన వెనక్కి వచ్చేశాడు గానీ, ఆ సాయంత్రం దాకా ఆయనకి పట్టుకోవడానికి కొస దొరకలేదు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి, చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. నా నోట్లో నువ్వు గింజ నానదు. ఆ సంగతి మొదట కనిపెట్టింది మా ఓనరు. ప్రతి శనివారం మధ్యాహ్నం షెడ్డు చూడటానికి వచ్చి, వెళ్ళేటప్పుడు నన్ను గేటు దాకా రమ్మంటాడు. “ఏంటి విశేషాలు?” అంటాడు. నేను చెప్తాను. ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో, ఎవరు దారం ఇంటికి పట్టుకెళ్తున్నారో అన్నీ. దీన్ని చాడీలంటారని నాకు తెలుసు. కానీ అంత పెద్దమనిషి తల వంచి నా మాట వినే చోటు ప్రపంచంలో ఆ గేటు ఒక్కటే.

ఈ సంగతి షెడ్డంతటికీ తెలుసు. అందుకే శుక్రవారం సాయంత్రం వదిన మిషను మిషను దగ్గరికీ వెళ్ళి, వంగి, చెవిలో ఒక మాట చెప్పి వచ్చింది. ఓనరుకి తెలియకూడదని. ఇరవై ఒక్క మిషన్ల దగ్గరికి వెళ్ళింది. నా మిషను దగ్గరికి రాగానే, “దారం అయిపోయిందా?” అని అడిగి దాటిపోయింది. ఇంటికెళ్ళాక చెప్తుందనుకున్నాను. ఇంట్లో కూడా ఏమీ అనలేదు. నాకు అన్నం సయించలేదు.

శనివారం పన్నెండింటికి ఓనరు వచ్చాడు. చివరి చొక్కాలు ఇస్త్రీ బల్ల మీద ఉన్నాయి. కత్తిరించిన పీలికలన్నీ అవతలాయన గోతాంలో కుక్కి దాని మీదే కూచున్నాడు. ఓనరు ఒక చొక్కా తీసి కాలరు లాగి చూశాడు, బొత్తాలు చూశాడు. అట్టపెట్టె మీద తట్టి, “సోమవారం విప్పుదామా మాస్టారూ?” అని నవ్వాడు. మాస్టారు కత్తెర తుడుచుకుంటున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

ఓనరు నా వైపు తల ఊపాడు. నేను లేచాను. నా వెనక ఒక్క మిషను కూడా తిరగడం లేదని నాకు వినబడుతూనే ఉంది.

గేటు దాకా ముప్పై అడుగులుంటుంది. ఆ ముప్పై అడుగుల్లో నా బుర్ర ఎన్ని లెక్కలు వేసిందో చెప్తే మీరు నన్ను అసహ్యించుకుంటారు, అయినా చెప్తాను. నేను ఒక్క మాట అంటే చాలు, వాగుడుకాయ్ అనే నోరు ఈ షెడ్డులో ఇంక వినబడదు. దాచినందుకు వదిన కుర్చీ కూడా పోతుంది. అప్పుడు ఓనరు ఇంకెవరినో వెతకాలి. జుట్టు ఆ రోజు బాగానే దువ్వుకున్నాను.

“ఏంటి విశేషాలు?” అన్నాడు ఓనరు.

నోటిదాకా వచ్చింది. మాస్టారు టీ గ్లాసు తీసి కింద పెట్టడం కళ్ళ ముందు కదిలింది.

“గొప్పలాయన తొమ్మిదింటికి రమ్మని అందర్నీ చంపుతున్నాడండీ,” అన్నాను.

“అంతేనా?”

“అంతేనండీ.”

ఆయన ఇంకాసేపు చూశాడు. “నువ్వు కూడా పనికిరాకుండా పోతున్నావ్,” అని కారెక్కాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది, అబద్ధం ఆడను. వెనక్కి వచ్చి ఎవరి ముఖమూ చూడకుండా కాజాల మిషను తొక్కాను. నాలుగింటికి బండి వచ్చి రెండు వందల నలభై చొక్కాలూ పట్టుకెళ్ళింది.

సాయంత్రం బస్సులో వదిన పక్క సీటులో కూచుంది. రెండు స్టాపులు ఓపిక పట్టాను. ఆ తర్వాత నా వల్ల కాలేదు.

“అందరికీ చెప్పావు. ఆ నిట్టూర్పులక్కకి కూడా చెప్పావు. నాకొక్కదానికి చెప్పొద్దని ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే నువ్వు వెళ్ళి చెప్పేసేదానివి,” అంది వదిన.

నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఎందుకంటే అది అక్షరాలా నిజం. ఎవరైనా నన్ను వద్దంటే నేను చేసి తీరతాను, పుట్టినప్పటినుంచీ అంతే. అంటే ఈవిడ నన్ను కూడా గొప్పలాయనలాగా, నిట్టూర్పులక్కలాగా లెక్కేసి పెట్టుకుంది.

“నువ్వు వద్దనకపోయినా ఒకవేళ చెప్పేసేదాన్నేమో. అప్పుడేం చేసేదానివి? అంత నమ్మకమా నీకు?”

“నమ్మకమా?” అంది వదిన. “రాత్రంతా నిద్రపోతేనా! నువ్వు గేటు దాకా వెళ్ళొచ్చేసరికి ఒకే చొక్కాని నాలుగుసార్లు మడిచాను.”

చెయ్యి నా ఒళ్ళో పెట్టింది. చల్లగా ఉంది, చెమట పట్టి ఉంది. ఆర్నెల్లుగా ఈవిడకి భయమంటే ఏమిటో తెలియదనుకుంటున్నాను నేను. ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కూచున్నాను, ఏడుపొచ్చింది. మా స్టాపు దాటిపోయిందని ఇద్దరం చూసుకోలేదు. తర్వాతి స్టాపులో దిగి ఇంటిదాకా నడిచాం. దారి పొడుగునా ఆవిణ్ణి తిడుతూనే ఉన్నాను.